వస్తాదు అంటే పంతులుగారే

కండలు తిరిగిన మనిషి కనబడగానే మనకి మొదట నోటికొచ్చే మాట ‘వస్తాదు’. “ఏంట్రా, మీ కొత్త మేనేజరు వస్తాదులా ఉన్నాడు” అంటాం. ఆర్నెల్లు జిమ్ముకెళ్ళి చొక్కా సైజు మార్చేసిన కొలీగ్‌ని “రండి రండి వస్తాదు గారూ” అని ఆటపట్టిస్తాం. బస్సులో సీటు దగ్గర ఎవడైనా మీదమీదకొస్తే “నువ్వేమన్నా పెద్ద వస్తాదువనుకుంటున్నావా?” అని కసురుకుంటాం. మెచ్చుకోలు, వేళాకోళం, కోపం... మూడు చోట్లా భావం మారింది గానీ అర్థం మారలేదు. వస్తాదంటే భారీ ఒళ్ళు, అంతే.

తమాషా ఏంటంటే, ఈ మాట పుట్టుకలో ఒళ్ళు లేదు, కండ లేదు, భుజం లేదు. వస్తాదు అంటే పంతులుగారు. జోకు కాదు, నిజంగానే.

‘ఉస్తాద్’ పారసీక పదం. ఇరాన్‌కి ఇస్లాం రాకముందు నాటి పారసీకంలోనే ఉంది. ఏదైనా ఒక విద్యలో ఆరితేరి, దాన్ని ఇంకొకరికి నేర్పగలిగినవాడు ఉస్తాద్. అక్కణ్ణుంచి ఈ మాట నాలుగు దిక్కులా ప్రయాణం కట్టింది. అరబ్బులు తీసుకున్నారు. ఈనాటికీ కైరోలో యూనివర్సిటీ ప్రొఫెసర్ని అనే మాట అదే. టర్కీవాళ్ళు చివరి అక్షరం మింగేసి ‘ఉస్తా’ అన్నారు. ఇస్తాంబుల్‌లో తాపీపని వాడు, వంటమాస్టరు, కారు మెకానిక్కు, పనితనం ఉంటే అందరూ ఉస్తాలే. హిందుస్తానీ సంగీతంలో బిస్మిల్లా ఖాన్, బడే గులాం అలీ ఖాన్ లాంటివాళ్ళ పేర్లకి ముందు కూర్చుని గౌరవం తెచ్చుకుంది. హైదరాబాదులో మెకానిక్ షెడ్డుకెళ్తే, స్పానర్లందించే కుర్రాడు పెద్ద మేస్త్రీని ‘ఉస్తాద్’ అనే పిలుస్తాడు. (మేస్త్రీ కూడా పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి దిగిన గురువే, అది ఇంకో కథ.)

ఇన్ని దేశాలు తిరిగినా ఎక్కడా ఆ మాటకి అసలు అర్థం పోలేదు. ప్రొఫెసరు, మేస్త్రీ, సంగీత విద్వాంసుడు... అందరూ నేర్పేవాళ్ళే. మన దగ్గరికొచ్చేసరికి మాత్రం నేర్పడం పోయి ఒళ్ళు మిగిలింది.

ఇంకా విచిత్రం ఉంది. తెలుగులోకి ఈ మాట ఒక్కసారి కాదు, రెండుసార్లు వచ్చింది. షెహనాయి వాయించే ఆయన్ని రాసేటప్పుడు మన పత్రికలు ‘ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్’ అని శుభ్రంగా ఉకారంతో రాస్తాయి. కుస్తీలు పట్టేవాణ్ణి రాసేటప్పుడు ‘వస్తాదు’ అని వకారంతో రాస్తాయి. రెండూ ఒకే మాట అని రాసేవాళ్ళకీ తట్టదు, చదివేవాళ్ళకీ తట్టదు. మన భాషలో చెప్పాలంటే ఒకే లైబ్రరీ రెండు వేర్వేరు వెర్షన్లలో ఒకే ప్రాజెక్టులోకి దిగింది. రెండూ కంపైల్ అవుతున్నాయి, రెండూ పనిచేస్తున్నాయి, కానీ రిటర్న్ చేసే విలువలు వేరు. ఒకదాంట్లోంచి సంగీతం వస్తుంది, రెండోదాంట్లోంచి కండలొస్తాయి :)

ముందు ఆ ‘వ’ సంగతి చూద్దాం. అది మనం ఒక్కళ్ళమే తగిలించింది కాదు. మరాఠీలోనూ ‘వస్తాద్’ అనే అంటారు, కన్నడంలోనూ వకారం ఉంది. అంటే దక్కను అంతా ఒకే ఉచ్చారణ నడిచింది. ‘ఉస్తాద్’ చదువుకున్నవాళ్ళ ద్వారా, పాటకచేరీల ద్వారా, రేడియో ద్వారా వచ్చిన రూపం. ‘వస్తాదు’ సిపాయిల ద్వారా, కుస్తీ గోదాల ద్వారా, సంతల ద్వారా, అంటే చెవుల మీదుగా వచ్చిన రూపం అని నా ఊహ. 1347లో బహమనీ రాజ్యం మొదలైన దగ్గర్నుంచీ గోలకొండ, బీజాపూరు, మరాఠా, నిజాం సైన్యాల వరకూ దక్కనులో పారసీకం, దక్కనీ, మరాఠీ, తెలుగు, కన్నడం ఒకే గుడారంలో పడుకున్నాయి. అలాంటిచోట ‘ఉస్తాద్’ వస్తాదైపోవడంలో వింతేం లేదు.

సరే, సిపాయిలకీ కుస్తీవాళ్ళకీ పంతులెందుకు? ఇక్కడే ఇంకో రెండు మాటలు పక్కన పెట్టుకుని చూడాలి.

మొదటిది తాలింఖానా. జిమ్ము అన్న మాట ఊళ్ళలోకి రాకముందు వ్యాయామశాలకి మనవాళ్ళు వాడిన పేర్లలో ఇదొకటి. (సాము గరిడీ ఇంకోటి.) ‘తాలీం’ అరబీ మాట. దానర్థం చదువు. ఉర్దూలో ఇప్పటికీ విద్యకి తాలీం అనే అంటారు. ‘ఖానా’ అంటే ఇల్లు. తాలింఖానా అంటే అక్షరాలా చదువుల ఇల్లు, అనగా బడి. పూణే, కొల్హాపూర్‌లలో కుస్తీ నేర్పే చోట్లని ఇప్పటికీ తాలీం అనే పిలుస్తారు.

రెండోది కసరత్తు. దీని మూలం అరబీలో ‘కస్రత్’ లాంటి మాట, అర్థం ఎక్కువ, అనేకం, పదేపదే. చేసిందే మళ్ళీ మళ్ళీ చెయ్యడం. జిమ్ములో ట్రెయినరు “ఇంకో పదిహేను రెప్స్” అంటాడే, సరిగ్గా అదే! మన తాతల కసరత్తే ఇంగ్లీషు వేషం వేసుకుని తిరిగొచ్చింది. పాపం అసలు కసరత్తు మాత్రం ఒళ్ళొంచడం మానేసి పేపర్లలో చేరింది. ‘మంత్రివర్గ కూర్పుపై కసరత్తు’, ‘అభ్యర్థుల ఎంపికపై అధిష్ఠానం కసరత్తు’. వీళ్ళలో ఒక్కరికీ చెమట పట్టదు.

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. చదువుల ఇల్లు, అందులో పంతులు, ఆయన పదేపదే చేయించే అభ్యాసం. తాలింఖానా, వస్తాదు, కసరత్తు. మూడింట్లో ఒక్కటీ ఒంటికి పెట్టిన పేరు కాదు. మూడూ బడి మాటలే. కండలు ఆ బడిలో చదువుకున్నందుకు వచ్చిన మార్కుల్లాంటివి. మార్కుల్నే చదువనుకోవడం మనకి కొత్త కాదు కాబట్టి, కండల్నే వస్తాదనుకోవడం కూడా అలాగే జరిగిపోయింది.

‘ఇవన్నీ పరాయి మాటలు, మన మాటలు వేరే ఉన్నాయి’ అనే మిత్రులుంటారు. మంచిదే, ఆ మాటలూ చూద్దాం.

తెలుగులో కుస్తీపట్టేవాడికి పాత మాట ‘జెట్టి’. జగజెట్టి, పోరుజెట్టి అన్న సమాసాలు ఇప్పటికీ వినిపిస్తాయి. 1970లో ‘జగత్ జెట్టీలు’ అని సినిమా కూడా వచ్చింది. ఈ జెట్టి సంస్కృతంలో జ్యేష్ఠుడి తద్భవం. అంటే పెద్దవాడు, అందరికంటే మిన్న అయినవాడు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రాయించిన మానసోల్లాసంలో మల్లవినోదం అని ఒక భాగముంది. అందులో మల్లుల్ని వయసు, సత్తువ, అనుభవం చూసి తరగతులుగా విడదీశాడు. పైతరగతి పేరు జ్యేష్ఠికుడు. కల్యాణి అంటే ఎక్కడో కాదు, జహీరాబాదు దాటి కాస్త దూరం వెళ్తే బీదరు జిల్లాలో వచ్చే బసవకల్యాణ్. కాకతీయులు మొదట్లో ఈ చాళుక్యులకే సామంతులు. గుజరాత్‌లో జ్యేష్ఠిమల్లులని, మైసూరులో జెట్టిలని ఈ విద్యకే అంకితమైన కులాలు ఉండేవి. మైసూరు దసరాలో జరిగే వజ్రముష్టి పోరు జెట్టిలదే.

అంటే మన పాత మాట కూడా కండకి పెట్టింది కాదు. మన ఆఫీసు భాషలోకి మారిస్తే జెట్టి అంటే ‘సీనియర్’. అంతే!

ఇక పహిల్వాను. ఈ మాట కథ ఇంకా పొడుగు. క్రీస్తుపూర్వం 520 ప్రాంతంలో దారియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండమీద చెక్కించిన శాసనంలో ‘పార్థవ’ అని ఒక రాష్ట్రం పేరుంది. తరవాత ఆ ప్రాంతం కేంద్రంగా లేచిన పార్థియన్లు క్రీస్తుపూర్వం 247 నుంచి క్రీస్తుశకం 224 దాకా ఇరాన్‌ని ఏలి, రోము సైన్యాలకి చుక్కలు చూపించారు. పార్థవ నలిగి నలిగి ‘పహ్లవ’ అయింది. పహ్లవులనగా పార్థియా జనం. వాళ్ళ వీరగాథలు మిగిలాయి, రాజ్యం పోయింది. 1010లో ఫిర్దౌసి షానామా పూర్తిచేసే నాటికి ‘పహ్లవాన్’ అంటే వీరుడు. ఆ కావ్యంలో రుస్తుం పహ్లవానులందరికీ పెద్ద. ఆ వీరుడు మెల్లిగా యుద్ధభూమి నుంచి గోదాలోకి దిగి కుస్తీవాడయ్యాడు. మన గామా పహిల్వానుకి ‘రుస్తుం’ బిరుదులు ఇవ్వడం వెనక ఉన్నది ఆ కావ్యమే.

మనకి దీంతో ఇంకా పాత బంధుత్వం ఉంది. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బలశ్రీ నాసిక్ గుహలో వేయించిన ప్రాకృత శాసనంలో, తన కొడుకు శక, యవన, పహ్లవుల్ని నాశనం చేసినవాడని చెప్పుకుంది. అంటే క్రీస్తుశకం రెండో శతాబ్దంలో ఈ మాట మన రాజులకి శత్రువు పేరు. వెయ్యేళ్ళకి పైగా గడిచాక అదే మాట పారసీకం మీదుగా తిరిగొచ్చి మన గోదాలో బిరుదై కూర్చుంది. ఓడించామని శాసనం వేయించుకున్న మాటనే తర్వాత మన మొనగాళ్ళకి పేరుగా పెట్టుకున్నాం. పదాలకి పాస్‌పోర్టులు అడిగేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

సంస్కృతంలోని ‘మల్ల’ది కూడా ఇలాంటి జంట బతుకే. ఒకపక్క కుస్తీవాడు, ఇంకోపక్క ఒక జనం పేరు. బుద్ధుడు కన్నుమూసిన కుశీనగరం మల్లుల రాజ్యంలోదే.

మొత్తానికి లెక్క ఇలా తేలింది. వస్తాదు - గురువు. జెట్టి - పెద్దవాడు. పహిల్వాను - వీరుడు. ఎక్కడా కొలత టేపు లేదు. ఇవన్నీ ఇంకొకరు ఇవ్వాల్సిన పేర్లు. అద్దం ముందు నిలబడి ‘నేను గురువుని’ అనుకుంటే సరిపోదు, శిష్యుడు కావాలి. ‘నేను పెద్దవాణ్ణి’ అనుకుంటే చాలదు, చిన్నవాళ్ళు ఒప్పుకోవాలి.

మరి కేవలం ఒంటికి పెట్టిన మాటలు తెలుగులో లేవా అంటే, బోలెడున్నాయి. అవి వాడే తీరు గమనించండి. కండకావరం. ఒళ్ళు బలిసింది. కొవ్వెక్కింది. దున్నపోతులా పెరిగాడు. అన్నీ తిట్లే! ‘కండపట్టాడు’ ఒక్కటి కాస్త మంచి మాట, అదీ జబ్బునుంచి లేచినవాడి గురించో ఎదిగే పిల్లాడి గురించో అంటాం. అంటే శిక్షణలోంచి వచ్చిన బలానికి గౌరవ పదం, ఊరికే పెరిగిన ఒంటికి తిట్టు. నిఘంటువు రాసినవాళ్ళెవరూ కూర్చుని ఈ గీత గియ్యలేదు. వందల ఏళ్ళు మాట్లాడిన జనం గీశారు. దాని పక్కన ‘దిట్ట’ అనే మాటని పెట్టి చూడండి. ‘దిట్టమైన ఒళ్ళు’ అంటాం, ‘లెక్కల్లో దిట్ట’ అనీ అంటాం. బలానికీ పనితనానికీ ఒకటే మాట.

ఇంగ్లీషు మాటలకి ఈ బాధ లేదు. మజిల్ అనేది లాటిన్ ‘మస్కులుస్’ నుంచి వచ్చింది, అర్థం చిట్టెలుక. జబ్బ బిగిస్తే చర్మం కింద ఎలక పరిగెత్తినట్టుంటుంది కదా, అదీ పోలిక. మన మూషికం, ఆ లాటిన్ ఎలక ఒకే తాత మనవలు. సిక్స్ ప్యాక్ అయితే ఆరు బీరు డబ్బాల కట్ట. ఏది చేస్తే ఆ పొట్ట రాదో దాని పేరే ఆ పొట్టకి పెట్టారు. రెండూ చూసి పెట్టిన పేర్లు. చిన్నచూపు కాదు నాది, పోలిక బాగానే ఉంది. కానీ అందులో మనిషి లేడు, చర్మం కింద ఏం కనిపిస్తోందో అదే ఉంది.

ఆ మాటకొస్తే యూరప్‌లోనూ పూర్వం కథ వేరు. జిమ్నాసియం గ్రీకు మాట. అక్కడ కుర్రాళ్ళు ఒంటిమీద నూలుపోగు లేకుండా వ్యాయామం చేసేవారు, పేరు అందుకే వచ్చింది. ఏథెన్సులో ప్లేటో అకాడమీ పెట్టిందీ, అరిస్టాటిల్ లైసియంలో పాఠాలు చెప్పిందీ అలాంటి వ్యాయామశాలల దగ్గరే. ప్లేటో అన్నది కూడా అసలు పేరు కాదని, భుజాలు వెడల్పుగా ఉన్నాయని కుస్తీ నేర్పిన గురువు పెట్టిన ముద్దుపేరని పాత కథ ఒకటుంది. జర్మనీలో ఈనాటికీ జిమ్నాసియం అంటే హైస్కూలు. చూశారా? అక్కడ వ్యాయామశాల పేరు బడికొచ్చింది. ఇక్కడ బడి పేరు వ్యాయామశాలకొచ్చింది. దారి ఎటునుంచైనా రెండూ పక్కపక్కనే ఉండేవన్నమాట నిజం. కోచ్ కూడా అంతే. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు పరీక్ష గట్టెక్కించే ట్యూటర్ని ‘బండి’ అనే అర్థంలో కోచ్ అని పిలిచేవారు. ఆటల్లోకి ఆ తర్వాతే వచ్చింది.

మరి మన జెట్టిల, వస్తాదుల ఒళ్ళు నిజంగా ఎలా ఉండేది? ఒక మంచి సాక్ష్యం ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాశాడు. తెల్లారకముందే లేచి ముప్పాతిక పింటు నువ్వులనూనె తాగేవాడట. అంటే సుమారు నాలుగొందల మిల్లీలీటర్లు! ఒళ్ళంతా అదే నూనె పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తిసాము చేసి, నూనె అంతా చెమటగా కారేదాకా శ్రమపడి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, తరవాత గుర్రమెక్కి తెల్లారేదాకా స్వారీ చేసేవాడట. ఇంత రాసిన ఆ పేసే, రాజు మధ్యరకం ఎత్తు, సన్నం కంటే లావు వైపే ఉంటాడు, మొహంమీద మశూచి మచ్చలున్నాయి అని కూడా రాశాడు. రోజూ కుస్తీ పట్టే చక్రవర్తికి పలకల పొట్ట లేదు! సినిమాలో రాయలవారి వేషానికి ఇప్పుడు ఆడిషన్ పెడితే అసలు రాయలవారు నెగ్గడం కష్టమే.

ఉత్తరాది అఖాడాల్లో పహిల్వాన్లు మంచి ఒంటికి చెప్పే లక్షణం ‘ఏక్ రంగ్ కా శరీర్’, అంటే ఒకే రంగు ఒళ్ళు. ఏ ముక్కకా ముక్క విడిగా కనిపించకూడదు, అంతా ఒకటిగా నునుపుగా ఉండాలి. బైసెప్ ఒక రోజు, కాళ్ళు ఇంకో రోజు, పొట్ట మరో రోజు అని ఒంటిని మాడ్యూల్స్‌గా విడగొట్టి పెంచే మన పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

ఈ మార్పు ఎప్పుడొచ్చిందంటే, ఒక మనిషి పేరు చెప్పొచ్చు. మీరు చొక్కా లోపల వేసుకునే చేతుల్లేని బనీను పేరేంటి? శాండో బనీను. ఆ శాండో ఒక మనిషే. యూజెన్ శాండో, 1867లో ప్రష్యాలో పుట్టాడు. బరువులెత్తడం కంటే, ఎత్తే ఒంటిని చూపించడమే జనానికి ఇష్టమని కనిపెట్టినవాడు. గ్రీకు శిల్పాల కొలతలు తీసుకుని తన ఒంటిని ఆ కొలతలకి పెంచాడు. 1894లో ఎడిసన్ స్టూడియోలో అతని కండల్ని సినిమా తీశారు. 1901లో లండన్ ఆల్బర్ట్ హాల్‌లో ఒంటి సౌష్ఠవానికి పెద్ద పోటీ పెట్టాడు. న్యాయనిర్ణేతల్లో షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డాయిల్ ఒకడు! పోస్టులో వ్యాయామ పాఠాలు కూడా అమ్మాడు. 1904-05లో ఇండియాకొచ్చి ప్రదర్శనలిచ్చాడు. ఆ మోజు ఎంతదంటే, అతని పేరే ఇక్కడ బిరుదైపోయింది. ‘హాథీ మేరే సాథీ’ తీసిన తమిళ నిర్మాత చిన్నప్ప దేవర్ పేరుకి ముందు శాండో ఉంటుంది. బిరుదు కాస్తా చివరికి బనీనైంది.

శాండోతో వచ్చిన తేడా ఏంటంటే, ఫొటో. తాలింఖానాలో ఒళ్ళు పని చెయ్యాలి, ఫొటోలో కనబడితే చాలు. పోస్టులో పాఠమొస్తే వస్తాదు అక్కర్లేదు.

మనవాళ్ళు ఆ గాలికి పూర్తిగా కొట్టుకుపోలేదనడానికి కోడి రామ్మూర్తి నాయుడు సాక్షి. ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా వీరఘట్టంలో పుట్టాడు. ఛాతీకి చుట్టిన గొలుసుని ఊపిరి బిగించి తెంచడం, ఏనుగుని గుండెమీద ఎక్కించుకోవడం, నడిచే కార్లని పట్టి ఆపడం... కలియుగ భీముడన్నారు. శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది, విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది. అందరూ చెప్పుకునేది ఏనుగు గురించే. నాకు నచ్చేది వేరే. సర్కస్ పెట్టకముందు ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బడిపిల్లలకి వ్యాయామం నేర్పాడు. అంటే డ్రిల్లు మాస్టారు. మాట అసలు అర్థంలోనే వస్తాదన్నమాట!

ఇంకొకాయన ఉన్నాడు, మన పుస్తకాల్లో అంతగా కనబడడు. పూణేలో లహూజీ సాళ్వే. 1794లో పుట్టి 1881లో పోయాడు. మాంగ్ కులస్థుడు, అంటే ఆనాటి లెక్కలో అంటరానివాడు. దండపట్టా, గురి, కుస్తీ నేర్పే తాలీం నడిపాడు. మరాఠీలో ఆయన పేరే లహూజీ వస్తాద్. అక్కడ సాము నేర్చుకున్న కుర్రాళ్ళలో ఒకడు జ్యోతిరావు ఫూలే. ఆ ఫూలే 1848లో ఆడపిల్లలకి బడి పెట్టాడు, తర్వాత అంటరానివాళ్ళుగా చూసిన కులాల పిల్లలకీ పెట్టాడు. ఊళ్ళో పెద్దలు కత్తికట్టినప్పుడు, పిల్లల్ని బడికి రప్పించడంలో, ఫూలేకి అండగా నిలబడ్డంలో లహూజీ ముందున్నాడు. ఫూలే బడిలో చదివిన ముక్తా సాళ్వే అనే మాంగ్ కులం పిల్ల 1855లో, పద్నాలుగేళ్ళ వయసులో, మాంగులూ మహార్లూ పడే బాధల గురించి రాసిన వ్యాసం జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. ఆమె లహూజీ వాళ్ళింటి పిల్లే అంటారు.

కుస్తీ గోదాలోంచి బడి పుట్టడం అంటే ఇదీ. తాలీం అన్న మాటకి రెండర్థాలూ ఒకే మనిషి చుట్టూ తిరిగాయి. ‘కండబలమా బుద్ధిబలమా’ అని స్కూల్లో డిబేట్లు పెట్టేవారు గుర్తుందా? లహూజీ వస్తాద్‌కి ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదనుకుంటాను. కులం పేరుతో బడి గడప తొక్కనివ్వని రోజుల్లో, ఆయనకి తెరిచి ఉన్న ఒకే ఒక్క విద్య తాలీం. దాంతోనే రెండో తలుపు తెరిపించాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మాట పోతే పోయింది, దాంతో పాటు పోయినదాని గురించి నా బాధ. 2007లో హిందీలో ‘ఓం శాంతి ఓం’, తెలుగులో ‘దేశముదురు’ వచ్చాక సిక్స్ ప్యాక్ అన్నది ఇంటింటి మాటైంది. తప్పేం లేదు. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చుని, నడుం నొప్పికి దిండు ఆన్‌లైన్లో కొనుక్కునే మనలాంటి వాళ్ళకి ఏ కారణంతో ఒళ్ళు కదిలినా మంచిదే. కానీ ఇప్పుడు మన కుర్రాళ్ళు వాడే మాట చూడండి. ‘వాడు బాడీ పెంచాడ్రా’. బాడీ! ఆస్పత్రిలో బాడీ అంటే శవం. మనిషిలోంచి మనిషిని తీసేస్తే మిగిలేది రెండుచోట్లా అదే.

బాడీ పెంచడానికి గురువు అక్కర్లేదు, గడువు చాలు. పెళ్ళికి మూడు నెలలుంది, గోవా ట్రిప్పుకి నెలన్నర ఉంది. గడువు పెట్టుకున్నాక డబ్బాల్లో పొడులొస్తాయి, పొడులు చాలకపోతే సూదులొస్తాయి. వాటిని చీటీ లేకుండా అంటగట్టేవాడు కూడా ట్రెయినరే. పాత వస్తాదులంతా దేవుళ్ళని నేననను. కూలి తీసుకుని కొట్లాటలకెళ్ళిన వాళ్ళున్నారు, భూముల సెటిల్మెంట్లు చేసి ‘పహిల్వాన్’ అన్న మాటకి భయం తగిలించిన వాళ్ళు హైదరాబాదులోనే ఉన్నారు. కానీ వస్తాదు దగ్గర చేరితే ఆయన ముందు గోదా ఊడవమనేవాడు, మట్టి తవ్వమనేవాడు, ఎప్పుడు ఆపాలో చెప్పేవాడు. ఈ కుర్రాడి గుండెకి ఇంత బరువు చాలని చెప్పగలిగే మనిషి ఒకడుండేవాడు. ఆ మనిషి పేరే వస్తాదు. ఆ మనిషిని తీసేసి ఆ పేరుని శిష్యుడి జబ్బకి అంటించాం.

మనవృత్తిలో కూడా ఇది అర్థంకానిదేం కాదు. కోడ్ రాసిన మొదటి ఏడాది పక్కన కూర్చుని ‘ఇది పనిచేస్తుంది గానీ ఇలా రాయకూడదు’ అని చెప్పినవాళ్ళు మీకెవరైనా ఉంటే, వాళ్ళు మీ వస్తాదులు. వాళ్ళకి పొట్ట ఉన్నా సరే, జబ్బలు అగ్గిపుల్లల్లా ఉన్నా సరే. ఈసారి ఎవరైనా మిమ్మల్ని ‘వస్తాదు గారూ’ అని వేళాకోళం చేస్తే కండలు తడుముకోకండి. ఎవరికైనా ఏమైనా నేర్పానా అని ఒక్కసారి లెక్క చూసుకోండి. ఆ లెక్కలో ఒక్క పేరైనా తేలితే, ఆ పిలుపు మీకు న్యాయంగా చెందినట్టే.